మన్సూర్ సైకిల్‌కు ఇత్తడి గంట

గోదావరిఖనిలో ఒక్క సైకిల్ గంటతో మొదటి షిఫ్టు మొత్తాన్ని ఆపేసినవాడు మా పక్కింటి మన్సూర్. షిఫ్టు మొత్తం కాదులెండి, పదకొండు మంది. మిగిలినవాళ్లు అప్పటికే టీ కొట్టు దగ్గర ఆగి ఉన్నారు.

ఫిట్టర్ కదా, కొన్నది కొన్నట్టు ఉంచలేడు. మట్టిదారుల్లో పోవడానికి గ్రావెల్ సైకిల్ కొని, దానికి ఇంకా లావు టైర్లు వేశాడు. గుట్టలెక్కడానికి వెనక పెద్ద పళ్లచక్రం బిగించాడు. రెండుసార్లు పడ్డాడు కూడా. అప్పుడు భార్య హాజిరా నా ముందే చెప్పింది: "ఇంకొక్కసారి పడితే సైకిల్ పాత సామాన్లకు పోతది."

ఆఖరుగా ఒక ఇత్తడి గంట తగిలించాడు. మొన్న కమాన్‌పూర్ నుంచి వస్తుంటే, డ్యూటీ దిగిన కార్మికులు రోడ్డు నిండా నడుస్తున్నారు. తప్పుకోమని ఒక్కసారి కొట్టాడు. బొగ్గుబావిలో పట్టాల మీద బొగ్గు టబ్బులు నడిచేటప్పుడు ఒక్క గంట కొడితే ఆగమని అర్థం. ఏళ్ల అలవాటు, పదకొండు మందీ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. మన్సూర్ వాళ్లను తప్పించబోయి బురదలో పడ్డాడు.

"ఆగుమన్నవ్, ఆగినం. నువ్వెందుకు ఆగలే భాయ్?" అన్నాడు వాళ్లలో ఒకడైన సదానందం, అతన్ని లేపుతూ.

ఇదంతా నేను హాజిరాకు చెబుతుండగానే మన్సూర్ వచ్చాడు. ఆమె అతని మోచేతి పట్టీ వైపు చూసింది.

"కాక చెప్పేది నిజమేనా?"

"అంతా అబద్ధం. నేను పడలే, గంట కొట్టలే. ఆ దినం నేను సైకిలే ఎక్కలే."