అమ్మకు సిక్ మెమో

ఇంగ్లిషు ట్యూషన్లు చెప్పుకునేదాన్ని, ‘సిక్’కీ ‘ఇల్’కీ తేడా ఏమిటని మా అమ్మాయి అడిగితే చెప్పబోయి చిక్కుకున్నాను. "మమ్మీ, రెండిట్లో ఫరక్ ఏటి?" అని హోంవర్కు పుస్తకం నా ఒళ్లో పడేసింది. రెంటికీ ఒంట్లో బాగోలేదనే అర్థం. ‘ఇల్’ కాస్త మర్యాదైన మాట. సిక్ చైల్డ్ అంటాం గాని ఇల్ చైల్డ్ అనం. ఎందుకనమో? చెప్పేకొద్దీ నాకే అయోమయం.

మా నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఇప్పుడు అమ్మా ఆయనా మా క్వార్టర్లో మాతోనే ఉంటారు. పేపరు మడిచి ఒక్క మాటలో తేల్చేశారు: కాగితం ఉంటే సిక్, లేకపోతే ఇల్. డాక్టరు సిక్ మెమో రాస్తే మనిషి డ్యూటీ దిగుతాడు, ఫిట్ అని రాస్తే మళ్లీ ఎక్కుతాడు. కాగితం లేకుండా ఎంత ఒళ్లు కాలినా అది లెక్కలోకి రాదు.

చిన్నప్పుడు మా ఇంట్లో అదే చట్టం. నాన్న సిక్‌లో ఉంటే రేడియో మోగకూడదు, మంచం ఫ్యాను కిందికి జరగాలి, వేళకి జావ రావాలి. ఆ జావ కాచిన మనిషి ఒళ్లెలా ఉందో నేనెప్పుడూ అడిగిన గుర్తు లేదు. తలుచుకుంటే సిగ్గేస్తోంది.

నాన్న ఈ సిక్ సంగతి చెబుతున్నప్పుడు అమ్మ చపాతీలు ఒత్తుతోంది. నెల రోజులుగా ఆయాసం. ఆసుపత్రికి రమ్మంటే రాదు. తలెత్తకుండానే అంది.

"మరి నన్నెవలు సిక్‌లో పెడతారు?"

నాన్న పేపరు పక్కన పెట్టారు. తర్వాత మనవరాలి నోటుబుక్కులోంచి కాగితం చింపి, మెమో రాయడం మొదలుపెట్టారు. అమ్మ పేరు రాశారు. హోదా దగ్గర పెన్ను ఆగింది. నా వంక చూశారు, నేను గోడ వంక చూశాను. ఆ చోటు ఖాళీగా వదిలేసి సంతకం పెట్టారు.

అమ్మ పిండి చేతులతోనే కాగితం అందుకుని రెండువైపులా తిప్పి చూసింది. నవ్వులాటకో నిజంగానో నాకిప్పటికీ తెలియదు, చేతులు కడుక్కుని పట్టపగలు మంచమెక్కింది. రేపు ఆసుపత్రికి వస్తానంది. అటు తిరిగి పడుకుని నాన్నని అడిగింది.

"ఫిట్ రాసేదాకా లెగనక్కర్లేదు కదేటి?"

అక్కర్లేదన్నారు నాన్న. పీట మీద సగం ఒత్తిన చపాతీ ఉంది. దాన్ని ఎవరు ఒత్తాలో ఆయనకీ నాకూ కాసేపు తోచలేదు.