ఖాలా విప్పి కుట్టిన బొంత

ఈ చలికాలం మొదట్లో చార్మినార్ దగ్గర ఒక దుకాణంలో అమ్మకోసం రజాయి కొన్నాను. ఇంటికొచ్చి దాని ప్లాస్టిక్ సంచి జిప్పు లాగగానే కొత్త రబ్బరు చెప్పుల వాసనలాంటిదేదో గుప్పుమంది. మిషను మీద వేసిన కుట్లన్నీ గీత గీసినట్టున్నాయి, ఒక్కటీ వంకర పోలేదు. అమ్మ దాన్ని అరచేత్తో తడిమి చూసి, "మంచిగనే ఉన్నది గని, కాసింబీ కుట్టిన బొంతలెక్క పాడు చెయ్యలే," అంది. ముప్పై అయిదేళ్ళ కిందటి కోపం అది. ఆ కోపానికి అసలు కారణం నేనన్న సంగతి అప్పటిదాకా అమ్మకు తెలియదు.

కిషన్‌బాగ్‌లో మా గల్లీకి చలికాలం బొంతలతోనే వచ్చేది. దసరా వెళ్ళి, వాకిట్లో రాలిన బంతిపూలు ఇంకా వడలుతుండగానే ఇంటింటి ప్రహరీ మీదా బొంతలు ఎండకు పడేవి. వాటి చాటున దాగుడుమూతలాడే పిల్లలకు ఏ బొంత ఎవరిదో కళ్ళు మూసుకుని చెప్పడం వచ్చు. కిరాణా కొట్టువాళ్ళ దానికి బెల్లం, జీలకర్ర వాసన. పక్కింటి బాలింత దానికి వాము, సాంబ్రాణి. మా ఇంటిదానికి, బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసే నాన్న ఒంటినంటి వచ్చే గ్రీజు వాసన. పొద్దున్నే అమ్మ గిన్నె అడుగున వత్తి కాల్చిన సర్వపిండి చేతిలో పట్టుకుని, ఆ బొంతల పక్కన వెచ్చటి గోడకు వీపు ఆనించి తినడంకంటే పెద్ద సుఖం ఉంటుందని మాకు తెలియదు.

ఆ బొంతల్లో సగానికి పైగా కుట్టింది కాసింబీ ఖాలా. ఖాలా అంటే పిన్నమ్మ. గల్లీ పిల్లలందరికీ ఆమె అంతే. చివరి రేకుల ఇంట్లో ఉండేది. సన్నగా, పొడుగ్గా, మోచేతుల దాకా మడిచిన రవికె చేతులతో కనిపించేది. పాత చీరల్ని పొరలు పొరలుగా నేల మీద పరిచి, మూలలకు ఇటుకలు పెట్టి, అంచు నుంచి మొదలుపెట్టి మధ్యకు కుట్టుకుంటూ వచ్చేది. ఆమె కుట్టు చీమల బారులా ఉండేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, వానాకాలంలో, నానమ్మ పోయింది. నాన్న అందరి ముందూ ఏడవలేదు. తర్వాతా ఏడవలేదు. డ్యూటీ నుంచి వచ్చి నానమ్మ మంచం మీద ఊరికే కూర్చునేవాడు. అమ్మకు భయం పట్టుకుంది. నానమ్మ చీరలన్నీ బయటికి తీసింది. అందులో ఆమె రోజూ కట్టే వంకాయరంగు నేతచీర ఉతికి ఉతికి జల్లెడైపోయింది. పెళ్ళిళ్ళకని దాచుకున్న గంధంరంగు చీర మడత కూడా నలగలేదు. అమ్మ అన్నీ మూటగట్టి నా నెత్తిన పెట్టింది.

"వంకాయరంగుది మీదికి రావాలె, ముక్కలు చెయ్యొద్దు. మీ నాయన కండ్లకు కనవడాలె. ఖాలాకు గిట్లనే చెప్పు, యాదుంచుకో."

నేను వెళ్ళేసరికి ఖాలా నమాజులో ఉంది. గుమ్మంలో మూట దించి నిలబడ్డాను. బయట తొక్కుడుబిళ్ళ ఆడుతున్న పిల్లలు నా వంతు వచ్చిందని అరిచారు. మళ్ళీ వచ్చి చెబుదాంలే అని పరుగెత్తాను. ఆటలో మరిచిపోయాను. మూడోరోజు గుర్తొచ్చింది గానీ, ఆలస్యమైందని సిగ్గేసి, ఖాలాకు తెలియకుండా ఉంటుందా అని సర్దిచెప్పుకున్నాను.

బొంత వచ్చింది. మీద గంధంరంగు చీర మెరుస్తోంది. గల్లీలో అంత అందమైన బొంత ఎవరికీ లేదు. నాన్న దాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. "మంచిగున్నది" అని మడతపెట్టి బయటికి వెళ్ళిపోయాడు. ఆ బొంతలో ఆయనకు వాళ్ళమ్మ కనిపించలేదు.

అమ్మ ఆ బొంతను చంకన పెట్టుకుని, నన్ను రెక్కపట్టి లాక్కుని ఖాలా ఇంటికి నడిచింది.

"ఏంది ఖాలా గిది? వంకాయరంగుది మీద ఉండాలెనని చెప్పి పంపితిని గద! లోపల దాస్తివి. నీకు మా దుఃఖం ఆటలెక్కున్నదా?"

ఖాలా నా వైపు చూసింది. నేను నా కాళ్ళ వైపు చూసుకున్నాను.

"నాదే గల్తీ బిడ్డా," అంది ఖాలా. "పోరి చెప్పింది, నేనే మర్సిన. విప్పి మళ్ళ కుడ్త."

మర్నాటి నుంచి బడి వదలగానే ఖాలా ఇంటికి పోయి కూర్చునేదాన్ని. ఆమె బ్లేడుతో ఒక్కో కుట్టూ తెంపుతుంటే నేను దారాలు లాగేదాన్ని. రెండోరోజు ఏడుపొచ్చింది. అమ్మకు చెప్పేస్తానన్నాను.

"ఏం చెప్తవ్? మీ అమ్మ అసలే దుఃఖంల ఉన్నది, నీ ఈపు పల్గుతది. నాతోని రెండు దినాలు మాట్లాడదు, గంతే గద. దారం పట్టు." అరిగిన వంకాయరంగు చీరను వెలుతురుకు ఎత్తి చూసింది. "పల్సగున్నదని లోపల వెట్టిన. మీద ఏస్తె ఎక్కువ దినాలు ఆగదు. ఆగినన్ని దినాలు మీ నాయన చూసుకుంటడు తియ్."

రెండోసారి కుట్టిన బొంతను నాన్న ఒక ఆదివారం మధ్యాహ్నం వాకిట్లో ఎండకు కప్పుకుని పడుకున్నాడు. వంకాయరంగు కొంగు మొహం మీదికి లాక్కుని, భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. అమ్మ వంటింటి గడపలో నిలబడి కళ్ళు తుడుచుకుంది.

ఖాలా అన్నట్టే రెండు చలికాలాలకు ఆ చీర పీలికలైంది. విప్పించామన్న కోపంతో ఖాలా కుట్టింది గనకే అట్లా చినిగిందని అమ్మ అంది. బావి దగ్గర అంది, రేషన్ వరుసలో అంది. మళ్ళీ ఖాలాకు బొంత ఇవ్వలేదు. మమ్మల్ని చూసి మరికొందరూ మానుకున్నారు. నేను నోరు తెరవలేదు. మొదట దెబ్బలకు భయపడి, తర్వాత ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటారని భయపడి ఊరుకున్నాను. ఇంకొన్నాళ్ళకు మేమే ఇల్లు మారిపోయాం.

మొన్న ఆ కొత్త రజాయి ముందు కూర్చుని అంతా చెప్పేశాను. అమ్మ రజాయి మడతపెట్టి పక్కకు జరిపింది. నన్ను తిట్టలేదు. మర్నాడు పొద్దున్నే తలదువ్వుకుని, "పా, పోదాం," అంది.

ఇద్దరం ఆటోలో కిషన్‌బాగ్ వెళ్ళాం. రేకుల ఇల్లున్న చోట మూడంతస్తుల భవనం లేచింది. కింద ఫోన్ల కవర్లమ్మే షాపు. గోడల మీద ఒక్క బొంత లేదు. అసలు ఎండ పడే గోడే మిగల్లేదు. షాపతన్ని అడిగితే, "కౌన్ కాసింబీ, అమ్మా?" అన్నాడు. పక్కిళ్ళలోనూ అదే జవాబు. అందరూ కొత్తవాళ్ళే.

తిరుగుదారిలో ఆటో గల్లీ దాటాక అమ్మ నోరు విప్పింది.

"గా తర్వాత గల్లీల ఎదురొచ్చినప్పుడల్లా 'బాగున్నవా బిడ్డా' అని అడిగేది. నేను మొఖం తిప్పుకుంటుంటి. ఒక్కసారన్న 'బాగున్న' అనలే."