ఇక్కడ తెలుగు ఎవరికొస్తుందిలే అనుకున్నాను

ఒక మనిషి పావుగంటలో తన పరువు తనే ఎంత శుభ్రంగా తీసుకోగలదో తెలియాలంటే ఇది చదవండి. బయటివాళ్ళ సాయం ఏమీ అక్కర్లేదు, ఒక ఫోన్ చాలు.

పాప పుట్టి ఐదు నెలలైనా నాకు తుమ్మితే తడుస్తోంది, దగ్గితే తడుస్తోంది, నవ్వితే ఇక చెప్పనే అక్కర్లేదు. అడిగితే అత్తగారు, "పిల్లల్ని కన్నాక అదంతా మామూలేనమ్మా, సర్దుకుపోవాలి" అన్నారు. మా అమ్మదీ అదే మాట. బాలింత చెవుల్లో దూది పెట్టుకోవాలని వందసార్లు చెప్పినవాళ్ళు ఈ సంగతి ఒక్కసారైనా చెప్పారా? ఒళ్ళు మండిపోయింది. వచ్చే నెల ఆఫీసులో చేరాలి. మీటింగులో తుమ్మొస్తే నా గతేమిటి?

ఢిల్లీ పక్కన మేముండే ఇందిరాపురంలోనే, మూత్రాన్ని ఆపే కండరాలకు వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు ఉందని తెలిసి వెళ్ళాను. వెయిటింగ్ రూములో నా ఎదురుగా సల్వార్ కమీజ్‌లో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. అంతలో గుంటూరు నుంచి మా అక్క ఫోన్.

"మెల్లగా మాట్లాడవే, ఎవరన్నా వింటారు," అంది అక్క.

"విననీవే. ఇక్కడ తెలుగు ఎవరికొచ్చు?"

ఇక నాకు అడ్డేముంది? "కూరగాయల బండి దగ్గర తుమ్మొచ్చిందే అక్కా. కాళ్ళు మెలేసుకుని నిలబడ్డా. ఆ బండి భయ్యా నన్ను చూసి, 'దీదీ, బాత్‌రూమ్ ఉధర్ హై' అని సొరకాయతో దారి చూపించాడు."

అక్కడితో ఆగానా? "ఎదురుగా ఒక బామ్మగారుందే. ఈ వయసులో ఈవిడకెందుకో ఈ కసరత్తులు, ఖోఖో ఆడుతుందేమో."

ఆవిడ దుపట్టా నోటికడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి. "ఏడుస్తున్నట్టుందే పాపం" అని అక్కకు చెప్పి మరీ ఫోన్ పెట్టేశాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "మాది తెనాలి, అమ్మాయ్."

నేను ఫోన్‌ని గబుక్కున బ్యాగులో పడేశాను.

"మా పెద్దాడు పుట్టినప్పట్నుంచీ నాకూ ఇదే అవస్థ. నలభై ఏళ్ళు. మామూలేనన్నారు, నోరు మూసుకున్నా. నలుగురిలో నవ్వడం కూడా మానేశా." గొంతు తగ్గించింది. "నీ దగ్గర ప్యాడ్ ఉంటే ఒకటియ్యి. నాది సొరకాయ దగ్గరే అయిపోయింది."

ఇచ్చాను. నలభై ఏళ్ళ మాట తలుచుకుంటే మాత్రం నాకు ఇప్పటికీ కోపం తగ్గదు.

అందుకే మా పాప మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట ఢిల్లీ చుట్టుపక్కల ఎక్కడ నోరు తెరిచినా, ముందు "మీరు తెలుగువాళ్ళా అండీ" అని అడుగుతాను. కాదంటే మెల్లగా మాట్లాడతాను. అవునంటే ఇంకాస్త గట్టిగా చెబుతాను. వాళ్ళకీ ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.