నీళ్ళకు కాపలా

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళ వయసులో, ఒక రోజంతా మా ఇంట్లో మంచినీళ్ళ కుండకు కాపలా కాశాను. కుండను ఎవరో ఎత్తుకుపోతారని కాదు. నాలుగేళ్ళ మా చెల్లి ఆ నీళ్ళు తాగకుండా చూడమని పెద్దవాళ్ళు నాకు అప్పజెప్పిన పని అది. చెప్పిన పని చెప్పినట్టు చేసే పిల్లనని మా పేటలో నాకు పేరుండేది. ఆ పేరంటే నాకు చాలా మోజు కూడా ఉండేది.

మాది రాజోలు నుంచి సఖినేటిపల్లి వెళ్ళే దారిలో, రోడ్డు దిగి కాలువగట్టు మీద రెండు మైళ్ళు నడిస్తే వచ్చే చిన్న ఊరు. మా నాన్న కొబ్బరి దింపు తీసేవాడు. అమ్మ పొలం పనులకు వెళ్ళేది. నాన్న తల్లిని మేము మామ్మ అనేవాళ్ళం. మామ్మ ఎనిమిది మందిని కని ఐదుగురిని దక్కించుకున్న మనిషి. పేటలో ఏ పసిబిడ్డకు ఒంట్లో బాగోకపోయినా ముందు ఆవిడకే కబురు వచ్చేది. రాక ఏం చేస్తుంది? డాక్టరుగారు ఉండే ఆసుపత్రి ఏడు మైళ్ళు. వెళ్ళినా ఆయన ఉన్న రోజులు తక్కువ, మీటింగుకు వెళ్ళిన రోజులు ఎక్కువ. మా ఊరికి వచ్చే నర్సమ్మగారు ఆరు ఊళ్ళకు ఒక్కరే. గొడుగు వేసుకుని గట్టు వెంబడి నడుచుకుంటూ నెలకోసారి ఆవిడ కనిపిస్తే గొప్ప. అందుకని మామ్మ మాటే మాకు మందుచీటీ.

వేసవిలో మా కాలువ కట్టేసేవారు. రెండు నెలలు అడుగున బురద, అక్కడక్కడా గుంటల్లో పచ్చనీళ్ళు. గట్టు మీద ఊళ్ళన్నీ కాలువలోనే అన్ని పనులూ కానిచ్చుకునేవి. ఎండిన కాలువైతే మరీ సదుపాయం. జూన్‌లో లాకులు ఎత్తితే ఆ రెండు నెలల చెత్తంతా తోసుకుంటూ, నురగలు కక్కుతూ ఎర్రగా వచ్చేది కొత్తనీరు. పిల్లలం గట్టు మీద వరసగా నిలబడి కేకలు పెట్టేవాళ్ళం. అమ్మలు బిందెలతో దిగి ముంచుకొచ్చి, చిల్లగింజ అరగదీసి ఆ గంధం కుండలో కలిపేవారు. తెల్లారేసరికి మట్టి అడుగుకు దిగి నీళ్ళు తేటపడేవి. తేటగా ఉన్నాయి కదా, మంచివే అనుకునేవాళ్ళం. కంటికి కనిపించని దాన్ని పాపం ఆ చిల్లగింజ మాత్రం ఏం చేస్తుంది? ఇప్పుడు మా మనవలు నన్ను మరగబెట్టే మామ్మ అని వెక్కిరిస్తారు. వెక్కిరించనీ. ఫిల్టరు మిషను నీళ్ళైనా సరే, కాచి చల్లార్చి పోస్తే గానీ నాకు చేతులు ఊరుకోవు.

ఆ ఏడు కొత్తనీరు వచ్చిన నాలుగో రోజున చెల్లికి విరేచనాలు పట్టుకున్నాయి. మామ్మ జాజికాయ అరగదీసి నాకించింది. దానిమ్మ తొక్క కాచి రెండు చెంచాలు పోసింది. వాటన్నిటికన్నా గట్టి కట్టడి ఇంకోటి పెట్టింది. పిల్లకు నీళ్ళు పట్టకూడదు. పోసిందంతా కిందికి పోతోంది కదా, పోయడం మానేస్తే పోవడం ఆగుతుంది. అప్పుడు ఎవరిని అడిగినా ఇదే సబబు అనేవారు. అది పగతో పెట్టిన కట్టడి కాదు. చెల్లి అంటే మామ్మకు ప్రాణం.

నాన్న సంగతి ఇప్పటికీ మర్చిపోలేను. ఆ పొద్దున తను ఎక్కిన చెట్టు నుంచి లేతబొండాలు రెండు దింపి, కూతురి కోసమని చంకలో పెట్టుకుని వచ్చాడు. మామ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"బొండాం చలవరా అబ్బాయ్. కడుపు ఇంకా జారిపోద్ది. పిల్ల మనకి దక్కదు."

నాన్న రెండు బొండాలూ అరుగు చివర పెట్టేసి, ఎవరిదో సైకిలు అడిగి తెచ్చుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. డాక్టరుగారు లేరు. కాంపౌండరు ఇచ్చిన నాలుగు మాత్రలు పొట్లం కట్టుకుని తిరిగొచ్చాడు. ఎటు చూసినా కొబ్బరిచెట్లే ఉన్న సీమలో, ఊరందరికీ బొండాలు దింపే మనిషి కూతురు దాహంతో నాలుక పిడచగట్టి పడుకుని ఉంది.

అమ్మ ఆ రోజంతా చెల్లి గుడ్డలు ఉతకడానికి కాలువకూ ఇంటికీ తిరుగుతూనే ఉంది. ఆ కాలువే కింద ఊరికి మంచినీళ్ళు అన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. మామ్మ పెరట్లో ఏవో ఆకులు నూరుతోంది. కుండ దగ్గర నేను.

చెల్లి మొదట అడిగింది. తర్వాత ఏడ్చింది. తర్వాత ఏడ్చినా కంట్లోంచి చుక్క రాలేదు. "అక్కా, ఒక్క గుక్కే. మామ్మకి చెప్పన్లే" అంది. నేను తల అడ్డంగా ఊపాను. పెదవులు ఎండిపోయి పగిలాయని తడిగుడ్డ తెచ్చి తుడవబోయాను. ఆ గుడ్డను పళ్ళతో పట్టుకుని చప్పరించడం మొదలుపెట్టింది. నేను లాగాను. వదల్లేదు. ఇంకా గట్టిగా లాగాను. నాలుగేళ్ళ పిల్ల కన్నా నాకే బలం ఎక్కువ కదా, గుడ్డ నా చేతికి వచ్చేసింది.

మామ్మ లోపలికి వచ్చి, కుండ మీద మూత మూసినట్టే ఉండడం చూసి, నా తల నిమిరింది. "మా తల్లే, భలే కాసేవే" అంది. నేను పొంగిపోయాను. అలా పొంగిపోయినందుకు నన్ను నేను ఇంతవరకు క్షమించుకోలేదు.

మర్నాడు పొద్దున్నే నాన్న చెల్లిని భుజాన వేసుకుని రోడ్డెక్కాడు. అక్కడి నుంచి రిక్షాలో అమ్మ, నాన్న, నేను ఆసుపత్రికి వెళ్ళాం. మంచాలన్నీ నిండిపోయి, వసారాలో చాపల మీద కూడా పిల్లలే. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కొత్తనీరు వచ్చింది మరి. సెలైన్ సీసాలు అయిపోయాయని, కాకినాడ నుంచి రావాలని చెప్పారు. అక్కడున్న ఒక నర్సు చెల్లి పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలింది. అది ముడత పడినట్టే ఉండిపోయింది.

"నీళ్ళు పట్టేరా అండీ?" అని అడిగింది.

నాన్న చేతులు కట్టుకుని నిలబడి, "ఆయ్, లేదండీ. ఒక్క చుక్క కూడా పట్టలేదండీ" అన్నాడు. మంచిపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. ఆవిడ పరుగున వెళ్ళి గ్లాసుతో ఏదో కలుపుకొచ్చి చెంచాతో పోసింది. అది నోటి పక్కనుంచి కారిపోయింది. చెల్లికి మింగే ఓపిక లేదు. సీసాలు ఇంకా రాలేదు. ఎండ తగ్గకముందే మా చెల్లి పోయింది.

రెండు వారాల తర్వాత మా ఊరి నర్సమ్మగారు వచ్చి, చర్చి అరుగు మీద ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టారు. పెద్ద చెంబుడు కాచి చల్లార్చిన నీళ్ళలో మూడు వేళ్ళకు వచ్చినంత ఉప్పు, గుప్పెడు పంచదార వేసి కలిపి చూపించారు. విరేచనాలు అవుతుంటే నీళ్ళు ఆపకూడదని, పోయినన్ని నీళ్ళు మళ్ళీ కొంచెం కొంచెంగా పోస్తూనే ఉండాలని, కొబ్బరినీళ్ళైనా గంజైనా మంచిదేనని చెప్పారు. తాగే నీళ్ళు మరగబెట్టాలని, ఆ గుడ్డలు కాలువలో ఉతకొద్దని, అన్నానికి ముందు చేతులు సబ్బుతో కడగాలని కూడా చెప్పారు. నీళ్ళు ఆపకూడదన్న ముక్క తప్ప మిగతావేవీ ఆ రోజు మా చెవికెక్కలేదు. అందరూ మా అమ్మ వంక చూస్తున్నారు.

అమ్మ నెమ్మదిగా లేచి నిలబడింది. "అయితే అమ్మగారూ, ఆవేళ నీళ్ళు పట్టుంటే నా పిల్ల బతికేదాండీ?" అని అడిగింది.

మామ్మ నా పక్కనే కూర్చుని ఉంది. ఆవిడ నా భుజం పట్టుకుంది. కాదని ఒక్క అబద్ధం ఆడితే అక్కడితో అందరికీ తేలికైపోయేది. నర్సమ్మగారు గ్లాసు కింద పెట్టి అమ్మ దగ్గరకు వచ్చారు.

"బతికుండేదేమోనమ్మా. ఈ ముక్క ఊరూరా చెప్పమని మాకు వేసవిలోనే చెప్పేరు. ఆరూళ్ళకి ఒక్కదాన్ని. బస్సున్న ఊళ్ళు ముందు తిరిగేను, మీ ఊరు ఆఖరికి పెట్టుకున్నాను. మీరు తెలియక చేసేరు. తెలిసి ఆలస్యంగా వచ్చింది నేను. అనేదేదో నన్ననండి."

అమ్మ కూర్చుండిపోయింది. పెద్దదాన్నయ్యాక ఆలోచిస్తే, ఆరు ఊళ్ళకు ఒక్క మనిషిని పెట్టినవాళ్ళ తప్పు కూడా ఆవిడ తన నెత్తినే వేసుకున్నారని అర్థమైంది. ఇంత చేసినా మామ్మకు మాత్రం ఆ మాట ఊరట కాలేదు. ఆ రోజు నుంచి ఆవిడ ఎవరికీ మందు చెప్పలేదు. ఎవరైనా బిడ్డనెత్తుకుని వస్తే, "నాకేం తెలీదమ్మా, నర్సమ్మగారిని అడగండి" అని గోడ వైపు తిరిగి పడుకునేది.

సాయంత్రం నర్సమ్మగారు వెళ్ళిపోతుంటే నేను గట్టు మీద వెనకే నడిచాను. తడిగుడ్డ సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆవిడకు చెప్పాను. పర్వాలేదని ఆవిడ అనలేదు. నీ తప్పేం లేదనీ అనలేదు. గొడుగు మూసి గట్టు మీద కూర్చుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా ఏడుపు అయ్యేదాకా ఊరుకున్నారు. తర్వాత సంచిలోంచి సీసా తీసి, చర్చి దగ్గర కలిపిన నీళ్ళు మూతలో పోసి తాగమన్నారు.

"ఇప్పుడు నీ కన్నీళ్ళు నోట్లోకి వచ్చేయి కదా. ఇది అంతకన్నా ఉప్పగా ఉందా?"

లేదన్నాను.

"కన్నీళ్ళకన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపాలి. పెద్దోళ్ళు కొలతలు మర్చిపోతారే. నేనా, నెలకోసారి గానీ రాలేను. ఈ ఊళ్ళో ఎవరికి కడుపు జారినా నువ్వే వెళ్ళి రుచి చూసి పట్టించాలి. ఏం?"

"ఆయ్ అండీ" అన్నాను. చెప్పిన పని చెప్పినట్టు చేసే పిల్లనే కదా.

నెల తిరక్కుండానే పక్కింటి అక్క పాపకు అదే రోగం వచ్చింది. ఆ అక్క అత్తగారు నీళ్ళు వద్దంటే వద్దని గుమ్మానికి అడ్డం నిలబడింది. నేను ఆవిడ చేతి కింద నుంచి దూరి లోపలికి వెళ్ళాను. చెంబులో కలిపి, రుచి చూసి, చెంచాతో పోశాను. కక్కింది. కాసేపు ఆగి మళ్ళీ పోశాను. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాటాక పాప కళ్ళు పూర్తిగా తెరిచి, ఇంకా కావాలని చెంచా వైపు చెయ్యి చాపింది. పక్కింటి అక్క నన్ను పట్టుకుని ముద్దులు పెట్టుకుంది. నాకు సంతోషం రాలేదు. పిచ్చికోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

ఇంటికి వచ్చేసరికి కబురు అమ్మకు ముందే చేరింది. అమ్మ చెంబుతో కాచిన నీళ్ళు, ఉప్పు డబ్బా, అప్పు తెచ్చిన పంచదార ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. "నాకూ కలిపి చూపించవే" అంది. చూపించాను. గ్లాసులో పోసి ఇచ్చాను. ఒక గుక్క తాగింది.

"ఇంతేనా?" అని అడిగింది.

"ఇంతేనమ్మా."

అమ్మ ఆ గ్లాసు కింద పెట్టలేదు, మళ్ళీ తాగనూ లేదు. రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఇంకోసారి అడిగింది, "ఇంతేనా?" అని. ఈసారి నన్ను కాదు.

ఆ తర్వాత ఎన్ని ఇళ్ళలో కలిపానో, ఎంతమంది కోడళ్ళకు నేర్పానో నాకే గుర్తు లేదు. పాలిపోయిన పిల్ల లేచి కూర్చున్నప్పుడల్లా ఆ ఇంట్లో అందరూ నవ్వుతారు, నా చేతులు పట్టుకుంటారు. నాకు మాత్రం ఆ రోజు అమ్మ అడిగిన మాటే చెవిలో పడుతుంది. నర్సమ్మగారు నాకిచ్చిన పనితో పాటు ఆ మాట కూడా నాతోనే ఉండిపోయింది. ఇంతేనమ్మా అని లోపలే చెప్పుకుని, ఇంకో చెంచా పోస్తాను.