ఆ రోజు అందరి బీడీలూ వంకరే

మా చిన్నప్పుడు... బోధన్‌లో మా గల్లీ ఆడవాళ్లంతా అరుగుల మీద కూర్చుని బీడీలు చుట్టేవాళ్లు. ఒళ్లో చాట, చాటలో తడిపిన ఆకు, తంబాకు. మా అమ్మ వేళ్లు మాత్రం పొద్దున లేవగానే ముడుచుకుపోయి ఉండేవి. కీళ్లవాతం. వేడినీళ్లలో ముంచి ఒక్కో వేలూ విప్పుకునేది. విప్పేసరికే అలసిపోయేది... అప్పటికింకా పొయ్యి కూడా ముట్టించలేదు.

మందులు వాడింది. తగ్గేది, మళ్లీ వచ్చేది. "మంచిగనే ఉన్నవ్ గద" అనేవాళ్లకు జవాబు చెప్పే ఓపిక కూడా ఉండేది కాదు.

వేళ్లు బొత్తిగా వంగని రోజుల్లో పక్కింటి బిల్కీస్ ఖాలా, ఎదురింటి లస్మక్క తలా కొన్ని కట్టలు చుట్టి అమ్మ గంపలో వేసేవాళ్లు. అడగకుండానే. గల్లీలో ఎవరికి బాగాలేకపోయినా అంతే. కానీ కార్ఖానాలో తెలియకూడదు... ఒకరి పేరు మీద ఇంకొకరు చుడితే ఆకు ఇవ్వడం ఆపేస్తారు. ఆకు ఆగితే మా పొయ్యి ఆరినట్టే.

ఒకరోజు కార్ఖానాలో లైన్లో నిలబడ్డప్పుడు దొరికిపోయాం. బీడీలు చూసి తీసుకునే టేకేదారు ఒక కట్ట విప్పాడు. ఇంకోటి విప్పాడు.

"ఏందమ్మా, కట్టకో తీరుగున్నది? ఎవలెవలు చుట్టిన్రు?"

"నేనే సేటూ..." అమ్మ చేతులు కొంగు కింద దాచుకుంది.

"అయితె కూసో. నా ముంగట చుట్టు. రాకపోతె రేపటి సంది ఆకు బంద్."

అమ్మ కూర్చుంది. మొదటిది దారం కట్టేలోపే విడిపోయింది. రెండోది వంకరగా వచ్చింది. వాడు దాన్ని గోడకేసి కొట్టాడు.

అప్పుడు వెనక నిలబడ్డ ఖాలా వచ్చి అమ్మ పక్కన కూలబడింది. గల్లీలో అందరికంటే బాగా చుట్టేది ఆమే. ఒకటి చుట్టి వాడి చేతిలో పెట్టింది... తంబాకంతా వాడి ఒళ్లో రాలింది.

"ఏం జేద్దు సేటూ, ఇయ్యాల నా చెయ్యి గూడ గిట్లనే ఉన్నది."

లస్మక్క కూడా కూర్చుంది. "జర నాది గూడ సూడు." అదీ వంకరే. ఆ వెనక ఇంకొకామె...

"అందరు గల్సి నాటకాలాడ్తున్రా?"

"అందరిది బంద్ జెయ్యి మరి" అంది ఖాలా. "నువ్వు, మీ మాలిక్ కూసోని చుట్టుకోండ్రి."

ఎవరో కిసుక్కుమన్నారు. వాడు గొణుక్కుంటూ అమ్మకు ఆకు తూచి ఇచ్చాడు.

గెలిచామని ఎవరూ సంబరపడలేదు. ఇంటికొచ్చి అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. సాయంత్రం దాకా లేవలేదు. జబ్బుమనిషి ఒక పూట పడుకోవాలంటే ఇంతమంది నాటకమాడాలా? నాకు ఇప్పటికీ మండుతుంది.

ఇప్పుడు నా వేళ్లూ పొద్దున తెరుచుకోవు. నిజామాబాద్‌లో ఒక బట్టల షాపులో రోజంతా నిలబడి చీరలు మడతపెడతాను. కూర్చుంటే తిడతారు. నొప్పి అంటే ఇంకొకరిని చూసుకుంటామంటారు. అందుకే నవ్వుతూ నిలబడతాను.

పక్క కౌంటర్ అమ్మాయి కూడా నొప్పి మాత్ర మింగాకే డ్యూటీకి వస్తుందని మొన్ననే తెలిసింది... ఇన్నాళ్లూ భుజాలు రాసుకుంటూ పనిచేశాం. ఆమె నాకు చెప్పలేదు. నేను ఆమెకు చెప్పలేదు.

మీ అమ్మ పక్కన అట్లా వచ్చి కూలబడింది ఎవరు? కింద పేరు రాయండి... అట్లాంటి మనుషులు నిజంగా ఉండేవాళ్లని మా షాపు పిల్లలకు చూపించాలి.