వెనక గదిలో ఫుల్ బార్లు

ఊళ్లోకి వైఫై తెచ్చింది మా బావ కాదు. కానీ ఆయన మాటలు వింటే గాలికి దారి చూపించింది కూడా తానే అనిపిస్తుంది. మా అక్క భర్త. ఆయన కార్డు మీద ‘వైర్‌లెస్ నెట్‌వర్క్ నిపుణుడు’ అని ఉంటుంది. చుట్టాలందరం మాత్రం సిగ్నల్ బావ అంటాం. దాన్నాయన బిరుదు అనుకుంటాడు. కాదని చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

పని తెలిసినవాడే, ఉన్నమాట చెప్పుకోవాలి. ఆఫీసైనా హోటలైనా, నెట్ నత్తనడక నడుస్తోందంటే చాలు, నిచ్చెన భుజాన వేసుకుని బయల్దేరతాడు. ముందు ఉపన్యాసం, ఆ తర్వాతే డ్రిల్లు. నేను పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తాను. ఒకసారి మా క్లినిక్కుకి వచ్చినప్పుడు ఆ ఉపన్యాసం మొత్తం విన్నాను. యాక్సెస్ పాయింట్ అని సీలింగుకి ఒక తెల్ల పళ్లెం లాంటిది బిగిస్తారు కదా, గది అందం చెడుతుందని మా డాక్టరుగారు దాన్ని ఇనప బీరువాలో దాచారు.

“బీరువాలో కూర్చుని పిలిస్తే మీకు వినపడుతుందా సార్? దానికీ అంతే,” అన్నాడు బావ. “ఇనుము, అద్దం, చేపల తొట్టి, మందపాటి గోడ, ఏది అడ్డొచ్చినా సిగ్నల్‌ని మింగేస్తుంది. ఇంకో సంగతి. ఈ డబ్బా నెట్‌ని పుట్టించదు. ఇది కుళాయి. వెనక నుంచి వైరులో వచ్చిందాన్ని గాల్లోకి వదులుతుందంతే. పైపు లేని కుళాయి ఎంత మెరిస్తే ఏం లాభం?”

డాక్టరుగారు తలూపారు. నేనూ ఊపాను. ఆ కుళాయి ముక్క నా బుర్రలో అలాగే ఉండిపోయింది.

ఇక మన నిపుణుడి ఇంటి వైభవం. హాల్లో టీవీకి పైన ఒక యాక్సెస్ పాయింట్, దానికి ఎదురుగా బావగారి వాలుకుర్చీ. అక్కడ నెట్ వరదలా పారుతుంది. వంటింటికి వచ్చేసరికి చినుకులు. దాని వెనక గదిలో, అంటే అక్క కుట్టుమిషను ఉన్న చోట, పూర్తిగా ఎండిపోతుంది. మధ్యలో ఉన్నవి పాతకాలపు గోడలు, మూరెడు మందం.

అక్క ఒకప్పుడు కుట్టు నేర్పే కేంద్రంలో టీచరు. అది మూతపడ్డాక ఇరుగుపొరుగు వాళ్ల ప్యాంట్లు పొట్టి చేసుకుంటూ ఇంట్లో ఉండిపోయింది. ఆన్‌లైన్‌లో మళ్లీ నేర్పాలని ఎప్పటినుంచో కోరిక. వెనక గదిలోకి నెట్ కావాలని అడిగినప్పుడల్లా బావ జవాబు ఒకటే.

“చూద్దాంలే. మన ఇల్లేగా, ఎక్కడికి పోతుంది?”

చివరికి ఒకరోజు అక్క భోజనం మధ్యలో గిన్నె ఠక్కున పెట్టి లేచిపోయింది. మర్నాడు వెనక గది సీలింగు మీద తెల్ల పళ్లెం వెలిసింది. దానికి నీలం దీపం కూడానూ.

“ఇప్పుడు చూడు, బార్లు ఫుల్!” అన్నాడు బావ, కోట గెలిచి వచ్చినవాడిలా.

అక్క ఫోన్‌లో సిగ్నల్ గీతలు చూసుకుంది. నిజంగానే ఫుల్. తను కుట్టిన చొక్కా ఫోటో నాకు పంపింది, నింపాదిగా అయినా వచ్చింది. క్లాసు మొదలుపెడుతున్నానని ఆ సాయంత్రమే అందరికీ చెప్పేసింది. ఆరుగురు చేరారు. అన్నేళ్ల తర్వాత తనని మేడమ్ అన్నారని నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

క్లాసు రోజు నేను సెలవు పెట్టి, నా ల్యాప్‌టాప్ పట్టుకెళ్లాను. వెనక గదిలో పెట్టి తెరిచాం. బార్లు ఫుల్. పేజీ మాత్రం తెరుచుకోదు, చక్రం తిరుగుతూనే ఉంది. నా ఫోన్ డేటా కలిపి చూశాం. ఆ గోడల మధ్య అక్క బొమ్మ నోరు తెరిచి అలాగే ఆగిపోయింది. “మేడమ్, వినపడట్లేదు”, “మేడమ్, క్లాసు ఉందా లేదా?” అంటూ మెసేజ్‌లు మొదలయ్యాయి. ఆ ఆరుగురూ ఇవాళ వెళ్లిపోతే మళ్లీ రారని అక్కకీ తెలుసు, నాకూ తెలుసు.

బావకి ఫోన్ చేశాను. ఎక్కడో నిచ్చెన మీద ఉన్నట్టున్నాడు.

“ఒకసారి ఆపి వెయ్యమ్మా.”

“వేశాను బావా.”

“పక్కింటివాళ్ల వైఫై అడ్డొస్తోందేమో.”

“అది సరే గానీ బావా, ఈ డబ్బా వెనక వైరేది?”

నిచ్చెన దిగుతున్న చప్పుడు వినిపించింది.

“అదీ... గోడకి కన్నం పెట్టాలి కదా. మీ అక్క ఒకటే పోరు పెడుతుంటే, ముందు డబ్బా బిగించేసి, వైరు తీరిగ్గా లాగుదామని...”

అంటే కుళాయి ఉంది, పైపు లేదు. ప్లగ్గులో పెట్టాడు కాబట్టి దీపం వెలిగింది. బార్లు చెప్పేది డబ్బా దగ్గర్లో ఉందని, అంతేగానీ అందులో నెట్ ఉందని కాదు. ఆ రోజు ఫోటో పంపింది అక్క ఫోన్‌లోని సొంత డేటా. డబ్బాలో ఏమీ దొరక్క, ఎవరికీ చెప్పకుండా ఫోన్ తన దారి తను చూసుకుంది. ఊరందరికీ పాఠం చెప్పే మనిషి కట్టుకున్న పెళ్లాం చెవిలో పువ్వు పెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అక్క ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మిషను ఒక పక్క పట్టుకుని, “నువ్వు అటు పట్టు,” అంది.

ఇద్దరం మిషనుని హాల్లోకి మోశాం. వాలుకుర్చీని వెనక గదిలోకి ఈడ్చాం. టీవీ ముందు మిషను, దాని పక్కన ల్యాప్‌టాప్. తెర మీద ఆరు ముఖాలూ కదిలాయి. జిప్పు ఎలా కుట్టాలో అక్క చెప్పడం మొదలుపెట్టింది. ఆ టీచరు గొంతు విని చాలా ఏళ్లయింది, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

క్లాసు మధ్యలో బావ వచ్చాడు. కుర్చీ కోసం చుట్టూ చూశాడు. అక్క పాఠం ఆపకుండానే వెనక గదివైపు వేలు చూపించింది. పిల్లిలా వెళ్లాడు. ఆ రోజు ఆయనకి ప్రాణమైన క్రికెట్ మ్యాచ్ ఉంది, ఫోన్‌లో పెట్టుకున్నాడు. కాసేపటికి తలుపు సందులోంచి తల ఒకటి బయటికొచ్చింది.

“ఏమే, నెట్ రావట్లేదు. బంతి వేసేవాడు చెయ్యి ఎత్తి అలాగే ఉండిపోయాడు.”

అక్క సూది మీంచి చూపు తిప్పలేదు. “బార్లు ఫుల్ ఉన్నాయిగా, సరిగ్గా చూడండి.”

“ఎవరు మేడమ్ అది?” అంది ఒక స్టూడెంటు.

“నెట్‌వర్క్ నిపుణుడు,” అంది అక్క.

ఇన్నేళ్లూ కుదరని పని ఆ సాయంత్రమే అయిపోయింది. డ్రిల్లు మోగింది, గోడకి కన్నం పడింది, వైరు వెనక గదిలోకి పాకింది. బావ చేతులు దులుపుకుంటూ వచ్చి అక్క ముందు నిలబడ్డాడు.

“ఇప్పుడు నిజంగానే వస్తోంది. ఇంక నీ మిషను ఆ గదిలో పెట్టేసుకో, నా కుర్చీ ఇటు తెచ్చుకుంటాను.”

అక్క రేపటి క్లాసుకి గుడ్డ కత్తిరించుకుంటోంది.

“చూద్దాంలెండి,” అంది. “మన ఇల్లేగా, ఎక్కడికి పోతుంది?”