తీర్పు చదివి వినిపించే మాస్టారు

కువైట్‌లోని ఫింటాస్‌లో మేముండే భవనం లిఫ్టులోకి ఈ ఉదయం ఎవరో లవంగనూనె రాసుకుని ఎక్కారు. ఆ ఘాటుకు నేను దిగవలసిన అంతస్తు వచ్చినా దిగడం మరిచాను. సూర్యనారాయణ మాస్టారు పక్కన నిలబడినట్టే అయింది. పంటినొప్పికి ఏళ్ళ తరబడి లవంగనూనెతో సరిపెట్టుకున్నారే గాని డాక్టరు గడప తొక్కలేదాయన. "కోర్టు కాగితాలు నమిలే నోరమ్మాయ్ ఇది, పన్నొక లెక్కా?" అనేవారు.

రాజోలు వైపు నుంచి వచ్చిన మాస్టారు అర్దియాలో చిన్న అనువాద కార్యాలయం నడిపేవారు. కోర్టు అరబ్బీలో ఇచ్చిన తీర్పుల్ని తెలుగులోకో ఇంగ్లీషులోకో మార్చి ముద్ర వేసి ఇవ్వడం మా పని. కువైట్‌లోనే పెరిగిన దాన్ని కదా, అరబ్బీ నాకు కొట్టిన పిండి అనుకుని చేరాను. మొదటి వారంలోనే ఆ గర్వం ఖలాస్. తీర్పులో ఒక వాక్యం మొదలైతే పేజీ తిప్పినా ఆగదు. "ముందు ఆ మనిషికేం జరిగిందో చూడు. జైలా, విడుదలా, దేశం దాటించి ఇంటికి పంపేస్తారా? అది దొరికితే మిగతావి వెనకాలే వస్తాయి" అని నేర్పారు. కోపం ముక్కు మీదే ఉండేది. నేను తప్పు రాస్తే కాగితం నా కళ్ళముందే చింపి, ఆ వెంటనే నాకు టీ తెప్పించేవారు. ఇంకో పట్టుదల కూడా ఉండేది. ఎవరి తీర్పయినా సొంతవాళ్ళకు చదివి వినిపించాకే ముద్ర వేసేవారు.

ఒకసారి జగిత్యాల దగ్గరి గంగారాం వచ్చాడు. అతని తమ్ముడు నర్సయ్య నీళ్ళ ట్యాంకరు నడుపుతుండగా ప్రమాదం జరిగి ఒక మనిషి చనిపోయాడు. నర్సయ్యకు మూడేళ్ళ జైలు పడింది. తీర్పు తెలుగులో కావాలన్నాడు గంగారాం. తరవాత గొంతు తగ్గించాడు.

"సారూ, ఇది మా అమ్మకు సదివి ఇనిపియ్యాలె. మూడేండ్లంటె ఆమె గుండె ఆగుతది. ఆర్నెల్లని రాయుండ్రి."

రాస్తే పోయేదేముంది అనిపించింది నాకు. మాస్టారు మాత్రం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నా ముద్ర కింద అబద్ధం రాయనయ్యా. ఆర్నెల్ల తరవాత ఆవిడ గుమ్మంలో కూర్చుని ఎదురు చూస్తే ఏం చెప్తావ్? ఫోన్ కలుపు. నేను చెప్తాను."

గంగారాం కలిపి, స్పీకరులో పెట్టాడు. మాస్టారు మెల్లగా మొదలుపెట్టారు. "అమ్మా, కువైట్ నుంచండి. మీ అబ్బాయి నర్సయ్య కోర్టు కాగితం చదువుతున్నాను. ప్రమాదంలో ఒకాయన పోయాడండి. మీవాడికి మూడేళ్ళు జైలు వేశారు."

గంగారాం మొహం పాలిపోయింది.

"అంటె... నా కొడుకు బతికే ఉన్నడా సారూ?"

"ఆయ్, బతికే ఉన్నాడమ్మా."

"ఫోన్ పాడైందన్నరు, ఎడారిల పనన్నరు. దినానికో తీరు జెప్తుంటె నా కొడుకు పోయిండనుకున్న. మూడేండ్లేనా సారూ? ఉంట. వాడొచ్చెదాంక ఉంట."

గంగారాం బల్ల మీద తల వాల్చి ఏడ్చాడు. ఫోనులో ఆమె కూడా ఏడుస్తూనే ఉంది. మాస్టారు ఊరుకోమని అనలేదు, ఫోను పెట్టేయలేదు. బయట జనం పిలుస్తున్నా కదల్లేదు. ఆమె తేరుకుని, ఆడ అన్నం పెడ్తరా అని అడిగితే, ఏం పెడతారో ఒక్కొక్కటే చెప్పారు.

తన సంగతీ నాకలాగే చెప్పారు. "అమ్మాయ్, రిపోర్టు వచ్చింది. జబ్బు ముదిరిందట. ఊరెళ్ళిపోతున్నాను, మళ్ళీ రాను." నేను ఏడుస్తున్నంతసేపూ ఎదురుగా కూర్చున్నారు. కొన్నాళ్ళకు రాజోలు నుంచి వాళ్ళమ్మాయి ఫోను చేసి, నాన్న పోయారని చెప్పింది. ఆయన లేని కువైట్‌కు నాకింకా అలవాటు కాలేదు.

ఇప్పుడు ఆ కార్యాలయం నేనే నడుపుతున్నాను. నిన్న మిష్రిఫ్‌లో ఇంటిపని చేసే ఒకమ్మాయి తన తీర్పు తెచ్చుకుంది. "మంచిదే కదక్కా?" అని నా మొహంలోకి చూసింది. "కాదమ్మా. అపీలు కొట్టేశారు. నిన్ను ఇంటికి పంపేస్తారు, మళ్ళీ రానివ్వరు" అని చెప్పాను. ఆమె ఏడుపు ఆగేదాకా నేను లేవలేదు. ఆమె వెళ్ళిపోయాక నేను ఏడ్చాను. ఆగేదాకా కూర్చోవడానికి ఎదురుగా ఎవరూ లేరు.